యూనివర్సిటీ గేటు దాటితే సరిపోదు

'కూలి రేట్ల గురించి రాయండి, శ్మశానానికి దారి గురించి రాయండి. యూనివర్సిటీల గొడవ మనకెందుకు?' అని కొందరు పాఠకులు మమ్మల్ని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. తెల్లారితే పనికి పోవలసినవాళ్ళకు యూనివర్సిటీ అంటే ఎక్కడో పట్నం చివర ఒక పొడుగాటి గోడ, గేటు దగ్గర ఒక వాచ్‌మన్. లోపల ఏం జరిగితే మనకేంటి అనిపించడం సహజం.

మా జవాబు ఇది. శ్మశానానికి దారి లేదని మండలాఫీసుకు పోతామా, అక్కడ కుర్చీలో ఉన్న అధికారి యూనివర్సిటీ నుంచే వచ్చాడు. ఆయన తీసి చూపించే జీవో రాసినవాడూ అక్కడినుంచే వచ్చాడు. ఆ జీవో చెల్లుతుందో చెల్లదో చెప్పే జడ్జీ అంతే, ఆ తీర్పు భేషుగ్గా ఉందని మర్నాడు పేపర్లో రాసే ఎడిటరూ అంతే. మన బతుకుల మీద రాత రాసే చేతులన్నీ ఆ గోడల మధ్యే తయారవుతున్నాయి. వెనకటి రోజుల్లో అగ్రహారం చేసిన పని ఇవాళ యూనివర్సిటీ చేస్తోంది. తేడా ఏమిటంటే, అగ్రహారంలోకి మనకు దారి లేదు. యూనివర్సిటీలోకి ఉంది. ఆ దారి ఎవరూ దానం చెయ్యలేదు. కొట్లాడి తెచ్చుకున్నాం. దాన్ని ఇరుకు చెయ్యాలని రాజ్యాంగం వచ్చిన నాటినుంచీ కోర్టుల్లో కేసులు పడుతూనే ఉన్నాయి.

గోడ లోపలి గొడవ లోపలే ఆగదు కూడా. మరాఠ్వాడా సంగతి చూడండి. 1956 దాకా అది మన తెలంగాణతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతం. నిజాం పాలనలో చదువుకు నోచుకోని ఆ నేల మీద, ఔరంగాబాద్‌లో, బాబాసాహెబ్ అంబేద్కర్ 1950లో కాలేజీ పెట్టించాడు. తర్వాత 1958లో అక్కడ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి బాబాసాహెబ్ పేరు పెట్టాలని దళితులు అడిగారు. 1978 జులై 27న మహారాష్ట్ర ఉభయ సభలూ సరే అని తీర్మానం చేశాయి. బోర్డు మీద పేరు మారాలి, అంతే. కానీ మంటలు లేచింది ఎక్కడ? యూనివర్సిటీలో కాదు, పల్లెల్లో. వందల ఊళ్ళలో దళితవాడల మీద పడ్డారు. ఇళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. ఆ కాలిన గుడిసెల్లో ఉన్నవాళ్ళలో చాలామంది యూనివర్సిటీ గేటు కూడా చూసి ఉండరు. 'యూనివర్సిటీ గొడవ మాకెందుకు' అని వాళ్ళు అనుకున్నా, ఆ గొడవ వాళ్ళ గుమ్మం వెతుక్కుంటూ వచ్చింది. పేరు మారడానికి 1994 జనవరి 14 దాకా ఆగవలసి వచ్చింది. ఒక్క పేరుకు పదహారేళ్ళు!

మన పేరు చదువుల గుడి మీద ఉంటేనే ఓర్వలేనివాళ్ళు, మన పిల్లలు లోపల బెంచీ మీద కూర్చుంటే ఓరుస్తారా?

కోటూ పుస్తకం ఎక్కడినుంచి వచ్చాయి?

మన ప్రతి పల్లెలో, గూడెంలో బాబాసాహెబ్ విగ్రహం ఉంది. ఏప్రిల్ 14న దండ వేస్తాం, మైకు పెడతాం. ఆ విగ్రహానికి కోటు ఉంటుంది, చంకలో పుస్తకం ఉంటుంది. అవి ఎక్కడినుంచి వచ్చాయో మన పిల్లలకు చెబుతున్నామా?

1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. అయింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళు ఉపకారవేతనం ఇస్తే అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. 1915లో ఎం.ఏ. అయింది. 1916 మే 9న, ఇరవై అయిదేళ్ళ వయసులో, అక్కడి ప్రొఫెసర్ల ముందు నిలబడి కులం ఎలా పుట్టిందో, ఎలా పాకిందో పత్రం చదివాడు. ఇక్కడ బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడు, అక్కడ కులానికే పరీక్ష పెట్టాడు. తన జీవితంలో మంచి స్నేహితులు కొలంబియాలోనే దొరికారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. సమానంగా చూస్తే మనిషి ఎంత ఎదుగుతాడో చెప్పడానికి ఇంకేం కావాలి?

ఇక్కడితో కథ ఆపేస్తే సగమే చెప్పినట్టు. 1917లో ఉపకారవేతనం గడువు తీరిపోయింది. లండన్‌లో మొదలుపెట్టిన చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరాడు. అంత చదువు చదివినవాడికి ఆ ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకలేదు. వేరే పేరు చెప్పుకొని ఒక పార్సీ సత్రంలో ఉంటే, కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. డిగ్రీ కులాన్ని చెరిపెయ్యలేదు. ఈ ముక్క మనం గుర్తు పెట్టుకోవాలి.

మళ్ళీ లండన్ చేరడానికి మూడేళ్ళు పట్టింది. బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి జీతం కూడబెట్టుకున్నాడు. కొల్హాపూర్ సాహు మహారాజు సాయం చేశాడు. ఒక పార్సీ మిత్రుడు అప్పిచ్చాడు. (వెళ్ళగొట్టినవాళ్ళూ పార్సీలే, అప్పిచ్చినవాడూ పార్సీయే. మనిషిని చూసి మాట్లాడాలి.) 1920లో మళ్ళీ ఓడెక్కి, 1923కి లండన్ నుంచి డి.ఎస్సీ. తెచ్చాడు, 1927లో కొలంబియా పిహెచ్.డి. ఇచ్చింది. అంత మేధావికి కూడా ఫీజు కట్టేవాడు లేకపోతే చదువు ఆగిపోయిందంటే, మన ఇంట్లో పిల్లల సంగతి వేరే చెప్పాలా? తెలివి ఒక్కటే చాలదు. వెనక నిలబడే మనుషులు కావాలి.

ఆ సంగతి బాబాసాహెబ్ మరిచిపోలేదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న రోజుల్లో దళిత విద్యార్థుల చదువులకు డబ్బు పెట్టమని ప్రభుత్వం మెడ మీద కూర్చున్నాడు. ఇవాళ మనం అంటున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిపించాడు. తనకు దొరికినదాన్ని పదిమందికి దారి చేశాడు. మన కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసులో లా చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు.

రాజ్యాంగాన్ని మార్చిన సీట్ల తగువు

ఇక కోర్టుల సంగతి. రాజ్యాంగానికి మొదటి సవరణ ఎందుకు వచ్చిందో మన కార్యకర్తలు ప్రతి మీటింగులో చెప్పాలి. అందుకు ఒక ముఖ్యమైన కారణం కాలేజీ సీట్ల తగువు.

అప్పుడు కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లనూ కులాలవారీగా, మతాలవారీగా పంచే జీవో ఒకటి ఉండేది. బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులు ఆంగ్లో ఇండియన్లకు కలిపి 1, ముస్లింలకు 1. రాజ్యాంగం వచ్చిన ఏడాదే, 1950లో, ఈ జీవో చెల్లదని చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ కోర్టుకు పోయింది. ఆమె మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టినట్టు కూడా లేదని సుప్రీం కోర్టు తీర్పులోనే కనిపిస్తుంది. అయినా కేసు నిలబడింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీం కోర్టు ఆ జీవోను కొట్టేసింది.

మద్రాసు రాష్ట్రంలో జనం ఊరుకోలేదు. హైకోర్టు తీర్పు వచ్చిన నాటినుంచే పెరియార్ వెంట వీధుల్లోకి వచ్చారు. ఢిల్లీకి వినపడింది. సుప్రీం కోర్టు తీర్పు వచ్చిన డెబ్బై రోజులకు, 1951 జూన్ 18న, మొదటి సవరణ అమల్లోకి వచ్చింది. 15(4) అనే అధికరణం అందులోదే. వెనకబడిన తరగతుల కోసం, ఎస్సీ, ఎస్టీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యవచ్చని అది చెబుతుంది. ఆనాటి న్యాయమంత్రి బాబాసాహెబే. మన పిల్లవాడికి వచ్చే ప్రతి సీటు వెనక ఆ డెబ్బై రోజులున్నాయి.

తగువు అక్కడితో తెగలేదు. 'రిజర్వేషన్లు యాభై శాతం దాటకూడదు' అని ఇవాళ టీవీలో అందరూ అంటుంటారు. అది రాజ్యాంగంలో రాసి ఉందని మనవాళ్ళు కూడా అనుకుంటున్నారు. రాజ్యాంగంలో ఆ లెక్క లేదు. మైసూరు ప్రభుత్వం మెడికల్, ఇంజనీరింగ్ సీట్లలో 68 శాతం కేటాయిస్తే, బాలాజీ అనే కేసులో 1962లో సుప్రీం కోర్టు అది ఎక్కువయిందని కొట్టేసి, మామూలుగా యాభైకి లోపు ఉండాలని చెప్పింది. 1992లో మండల్ కేసులో దాన్ని గట్టి చేసింది. అంటే ఒక రాష్ట్రంలో కాలేజీ సీట్ల మీద పుట్టిన మాట ముప్పై ఏళ్ళలో దేశం మొత్తం ఉద్యోగాలకు గీత అయింది. కోర్టులో ఆ రోజు మన తరఫున మాట్లాడే లాయర్లు ఎందరు? తీర్పు రాసే చోట మనవాళ్ళు ఎందరు? లెక్క వేసుకోండి. లా కాలేజీలోకి మన పిల్లలు ఎందుకు పోవాలో అప్పుడు అర్థమవుతుంది.

లోపల కూడా వెలివాడే

సీటు వచ్చింది, పెట్టె సర్దుకొని పోయాడు. మనం పల్లెలో మిఠాయి పంచుకొని ఇక ఫర్వాలేదనుకుంటాం. అసలు పరీక్ష అక్కడే మొదలు.

1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2002లో పదిమంది దళిత విద్యార్థుల్ని బహిష్కరించారు. పద్నాలుగేళ్ళ తర్వాత అదే చోట ఏం జరిగిందో దేశమంతా చూసింది. గుంటూరు నుంచి వెళ్ళిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేములనూ, మరో నలుగురినీ హాస్టల్ నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు 2016 జనవరి చలిలో ఆరుబయట గుడారం వేసుకొని పడుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు వెలివాడ. పిహెచ్.డి. దాకా చదివిన పిల్లలు ఊరి బయట తాతలున్న చోటికే మళ్ళీ వచ్చామని ఆ ఒక్క మాటతో చెప్పారు. జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ బాకీ ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. ఆనాడు అంబేద్కరూ గడువు తీరి వెనక్కు వచ్చాడు, ఈనాడు రోహిత్‌కూ డబ్బు సమయానికి అందలేదు. నూరేళ్ళలో మారింది ఎంత?

ఆ తర్వాత దేశంలో చర్చ దేని మీద నడిచింది? ఆ పిల్లవాడు ఎందుకు చనిపోయాడన్నదాని మీద కంటే, అతడు ఎస్సీయా కాదా అన్నదాని మీద ఎక్కువ నడిచింది. తండ్రి బి.సి., తల్లి ఎస్సీ. 2024 మేలో బయటికి వచ్చిన పోలీసు నివేదిక కూడా అతడు ఎస్సీ కాదంటూ కేసు ముగించబోయింది. అలజడి లేచాక మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికున్నప్పుడు కులం చూసి దూరం పెడతారు, చచ్చాక నీకా కులం లేదంటారు! మన కార్యకర్తలు ఒకటి గుర్తుంచుకోవాలి. తండ్రి కులమే బిడ్డ కులమని కళ్ళు మూసుకొని తేల్చడానికి లేదు. ఎస్సీ, ఎస్టీ తల్లి పెంపకంలో పెరిగి, ఆ కులం పడే అవమానాలే పడిన బిడ్డ ఆ సంగతి రుజువు చేసుకోవచ్చని 2012 జనవరిలో సుప్రీం కోర్టు రమేష్‌భాయ్ నాయకా కేసులో చెప్పింది. మన పల్లెల్లో కులాంతర వివాహాలు చేసుకున్న ఇళ్ళకు ఈ తీర్పు అక్కరకొస్తుంది.

యూనివర్సిటీల్లో వివక్ష ఉండకూడదని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. సమాన అవకాశాల విభాగం ఉండాలంది, ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలంది. కాగితం బాగానే ఉంది. 2019 మేలో ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ డాక్టరమ్మ పై చదువులో ఉండగా, కులం పేరుతో వేధింపులని ఇంట్లోవాళ్ళు చెబుతుండగా, ప్రాణం తీసుకుంది. అదే ఏడాది రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబెదా కలిసి, ఆ నిబంధనలు అమలు చేయించండని సుప్రీం కోర్టుకు వెళ్ళారు. ఒకరిది గుంటూరు, ఒకరిది మహారాష్ట్ర. ఒకరి భాష ఒకరిది కాదు. కడుపుకోత ఒక్కటే. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఇతరుల బిడ్డల కోసం కోర్టు మెట్లెక్కారు. మనం మన పల్లెలో మీటింగుకు కూడా రాకపోతే ఎలా?

పదిహేడు వేల అయిదు వందలు

గేటు బయటే ఆగిపోయే పిల్లలు ఇంకా ఎందరో. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత దినకూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. కట్టవలసింది 17,500 రూపాయలు. గడువు 24వ తేదీ సాయంత్రం అయిదు గంటలు. ఊళ్ళోవాళ్ళ దగ్గర పోగుచేసి తెచ్చేసరికి కొద్ది నిమిషాలే మిగిలాయి. కంప్యూటర్ తలుపు మూసేసింది. సీటు పోయింది. ఆ కుటుంబం ఊరుకోలేదు. ఎస్సీ కమిషన్‌కు పోయింది, మద్రాసు హైకోర్టుకు పోయింది, చివరికి సుప్రీం కోర్టుకు పోయింది. సెప్టెంబర్ 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి, అదనపు సీటు వేసి ఆ పిల్లవాణ్ణి చేర్చుకోమంది. గెలిచాడు, సంతోషం. కానీ ఒక ఊళ్ళో అప్పటికే ఒక చిన్న నిధి ఉండి ఉంటే, ఆ మూడు నెలల తిరుగుడు ఉండేదా? సుప్రీం కోర్టు దాకా పోలేని ఇళ్ళ మాటేమిటి?

రెండు మాటలకు మా జవాబు

'చదువుకున్నోడు ఊరు మొహం చూడడు, వాడి కోసం మనం కష్టపడటమెందుకు' అని కొందరంటారు. నిజం లేకపోలేదు. పట్నంలో కులం దాచుకొని, ఇంటి పేరు మార్చుకొని బతికేవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళు ఎందుకు దాచుకుంటున్నారు? ఒంటరిగా ఉన్నారు గనుక. పల్లె వాళ్ళను పంపించింది, తర్వాత పలకరించలేదు. తాడు మనం వదిలేసి, పడవ కొట్టుకుపోయిందంటే ఎలా?

'యూనివర్సిటీలు వాళ్ళవి, మనకు ఉద్యమం చాలు' అని కొందరు మన యువకులే అంటున్నారు. ఇది మేం ఒప్పుకోం. ఏకలవ్యుడి బొటనవేలు పోయిన కథ చెప్పుకొని ఏడవడం సులువు. ఆ విలువిద్య ఎవరి చేతిలో మిగిలిపోయిందో కూడా ఆలోచించాలి. ఖాళీ చేసి వస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, ఇంకొకడు కూర్చుంటాడు. రోజూ తరగతికి పోలేనివాళ్ళకు కూడా దారి ఉంది. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. 1991 నుంచి దానికి బాబాసాహెబ్ పేరే ఉంది. పగలు పని చేసుకొని, రాత్రి దీపం పెట్టుకొని, ఆదివారం క్లాసుకు పోయి డిగ్రీ తెచ్చుకున్న అక్కచెల్లెళ్ళు మన వాడల్లోనే ఉన్నారు. వాళ్ళను మీటింగుల్లో ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఏం చెయ్యాలి?

బడిపంతుళ్ళుగా మేం రోజూ పిల్లల్ని చూస్తున్నాం. తెలివికి కరువు లేదు. తోడుకే కరువు. అందుకని ప్రతి పల్లెకూ, గూడేనికీ మేం చెప్పేది ఇది.

ఒక నోటు పుస్తకం పెట్టండి. ఈ ఏడాది ఇంటర్ అయినవాళ్ళు ఎవరు, డిగ్రీ అయినవాళ్ళు ఎవరు, ఎవరు ఎక్కడ చేరుతున్నారు, రాయండి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ఎండాకాలంలోనే తీయించండి. టెన్త్ మార్కుల మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. అక్షరం తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లల్ని మేం చూస్తూనే ఉన్నాం.

ఇంటికింత అని చదువుల నిధి పెట్టండి. అంబేద్కర్ జయంతికి మైకుకూ పందిరికీ పెట్టే ఖర్చులో సగం అందులో వేసినా ఆయన నొచ్చుకోడు. గడువు రోజున వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కనక్కర్లేకుండా ఉంటుంది.

చేరే రోజు పిల్లవాడి వెంట ఇద్దరు పెద్దమనుషులు పోవాలి. పెళ్ళికి పోయినట్టు పోవాలి. అక్కడ మన సీనియర్లు ఎవరో, విద్యార్థి సంఘం ఎక్కడో, సమాన అవకాశాల విభాగం ఏ గదిలో ఉందో కనుక్కొని రావాలి. వారానికొకసారి ఇంటినుంచే కాక, సంఘం నుంచి కూడా ఫోన్ పోవాలి. ఆడపిల్లకైతే ఇంకా ముఖ్యం.

అవమానం జరిగితే నోటి మాటగా వదలొద్దు. తేదీ వేసి, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి ఇవ్వాలి. అందినట్టు సంతకం, ముద్ర తీసుకోవాలి. ఒక నకలు ఇంట్లో ఉండాలి. విద్యాసంస్థలోకి రాకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం అట్రాసిటీ చట్టం కింద నేరమని 2015 సవరణలో స్పష్టంగా ఉంది. ఆ సంగతి పిల్లలకు తెలియాలి, వార్డెన్లకు కూడా తెలియాలి.

అన్నిటికన్నా ముందు, తల్లిదండ్రులు పిల్లలతో ఒక మాట అనాలి. 'నువ్వు తప్పినా, నిన్ను తీసేసినా, అప్పు మిగిలినా సరే, మన ఇంటి తలుపు తీసే ఉంటుంది. ముందు ఇంటికి రా. తర్వాత అందరం కలిసి కొట్లాడదాం.' ఈ మాట విన్న బిడ్డ ఎంత పెద్ద గోడ లోపలున్నా ఒంటరివాడు కాడు. డిగ్రీలు మళ్ళీ తెచ్చుకోవచ్చు. బిడ్డల్ని తెచ్చుకోలేం.

చదువుకొని బయటపడ్డ తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ కూడా ఒక మాట. మీ సీటు వెనక చాలామంది నెత్తురూ, కోర్టు ఖర్చులూ, కూలి డబ్బులూ ఉన్నాయి. బాకీ తీర్చమని అడగడం లేదు. నెలకు ఒక ఆదివారం మీ వాడకు రండి. పది మంది పిల్లల దరఖాస్తులు నింపండి. మీకు ఎవరు తోడు రాలేదో, వీళ్ళకు మీరు తోడు రండి.

వచ్చే సంచిక నాటికి మీ ఊరి నోటు పుస్తకంలో ఎన్ని పేర్లు చేరాయో మాకు కార్డు ముక్క మీద రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. ఆ లెక్క ఇక్కడే అచ్చు వేస్తాం.

జై భీమ్!